ఆంబూరు నుంచి కార్గిల్ దాకా: ‘మాకు సంబంధం లేదు’ అనే యుద్ధం

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. చనిపోయినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ పని తమదేనని మొదట చెప్పుకున్న ముఠా కొద్ది రోజులకే మాట మార్చింది. తమకేమీ సంబంధం లేదని పాకిస్తాన్ ప్రభుత్వం కూడా అంది. ఆ వారమంతా తిరుపతిలో టీ అంగళ్ల దగ్గర ఒకటే ప్రశ్న: ఇంత జరిగాక కూడా ఎట్లా కాదనగలుగుతున్నారు?

ఇట్లా కాదనడం నిన్నా మొన్నా పుట్టింది కాదు. దాని చరిత్రలో ఒక ముక్క మన సీమలోనే జరిగింది.

1748లో ఇంగ్లండు, ఫ్రాన్సు యూరప్‌లో సంధి చేసుకున్నాయి. కాగితం మీద యుద్ధం ముగిసింది. కానీ 1749 ఆగస్టు 3న ఇప్పటి తమిళనాడులోని ఆంబూరు దగ్గర, ఆర్కాటు నుంచి మన సీమను కూడా ఏలిన కర్ణాటక నవాబు అన్వరుద్దీన్ యుద్ధంలో చనిపోయాడు. నవాబు పదవి కోసం అతని మీదికి వచ్చిన చందా సాహెబ్ వెనక ఉన్నది ఫ్రెంచి సైన్యం. కొద్ది వారాలకే అదే ఫ్రెంచివాళ్లు, సంధి ప్రకారం, మద్రాసును ఇంగ్లీషువాళ్లకు పద్ధతిగా అప్పజెప్పారు. ఒక చేత్తో సంధి, ఇంకో చేత్తో తుపాకి. 1751లో ఇంగ్లీషువాళ్లూ అదే దారి పట్టారు. అన్వరుద్దీన్ కొడుకు మహమ్మదాలీ పేరు చెప్పి ఇంగ్లీషు కంపెనీ అధికారి క్లైవ్ ఆర్కాటు కోటను పట్టుకుని, యాభై రోజుల ముట్టడిని తట్టుకున్నాడు. ముట్టడించిన వాళ్లలో ఫ్రెంచి సైనికులూ ఉన్నారు. రాజ్యాల మధ్య మాత్రం శాంతే! మేం వ్యాపారులం, నవాబుకు సాయం వచ్చాం అని ఇంగ్లీషు, ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీలు రెండూ చెప్పుకున్నాయి.

మరి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? మహమ్మదాలీ తన బాకీ కింద తిరుమల గుడి మీద వచ్చే ఆదాయాన్ని ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. పసుపు గుడ్డలో ముడుపు కట్టి, కాలినడకన కొండెక్కిన రైతుకు ఆ కాసులు ఎవరి తుపాకిమందుకు పోతున్నాయో తెలిసే దారే లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. 1801లో కంపెనీ నేరుగా ఈ సీమకే యజమాని అయింది. గుడి పాలన 1843 దాకా దాని చేతిలోనే ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఇది ఆఫీసు పద్ధతిగా మారింది. బయటపడినా ప్రభుత్వం నమ్మేలా కాదనగలిగేట్టు రహస్య పనులు జరగాలని 1948 జూన్‌లో అమెరికా జాతీయ భద్రతా మండలి రాతపూర్వకంగానే ఆదేశమిచ్చింది. 1960 మేలో సోవియట్ నేల మీద యూ-2 గూఢచారి విమానం కూలితే, అది వాతావరణ పరిశోధన విమానమని అమెరికా చెప్పింది. పైలట్ ప్రాణాలతో దొరికాడని సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ బయటపెట్టేసరికి ఆ మాట నిలవలేదు.

చట్టం కూడా దీనికి ఒక సందు వదిలింది. నికరాగ్వా కేసులో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం, ఆ దేశ ప్రభుత్వం మీద పోరాడే కాంట్రా తిరుగుబాటుదారులకు ఆయుధాలు, శిక్షణ ఇవ్వడం తప్పేనని అమెరికాను నిలదీసింది. అయితే వాళ్లు చేసిన ప్రతి అకృత్యాన్నీ అమెరికా ఖాతాలో వేయాలంటే, ఆ పనుల మీద దాని అదుపు రుజువు కావాలంది. డబ్బిచ్చినట్టు చూపించొచ్చు. ఆర్డరు ఇచ్చినట్టు చూపించడమే కష్టం. ముఠాలను పెంచే ప్రభుత్వాలు నేటికీ దాక్కునేది ఈ సందులోనే.

మన సరిహద్దులో 1947లో గిరిజన దండు పేరుతో, 1965లో స్థానిక తిరుగుబాటు పేరుతో ఇదే జరిగింది. 1999లో కార్గిల్ శిఖరాలు ఎక్కింది ముజాహిదీన్లని పాకిస్తాన్ చెప్పింది. నిజానికి వాళ్లు దాని నార్తర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీ సైనికులు. మావాళ్లు కాదన్న తర్వాత శవాలను మాత్రం ఎట్లా తీసుకుంటారు? చాలామందిని మన సైన్యమే వాళ్ల మతాచారం ప్రకారం ఖననం చేసింది. టైగర్ హిల్ దగ్గర చనిపోయిన పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది హోదా కాదు, అతని పేరే) జేబులో, ఈ అధికారి ఎంతో ధైర్యంగా పోరాడాడని రాసిన చీటీ పెట్టి మన బ్రిగేడియర్ బాజ్వా పంపించారు. తర్వాత పాకిస్తాన్ అతనికి తన అత్యున్నత సైనిక పురస్కారం ఇచ్చింది. మిగతావాళ్ల పేర్లు 2010లో, పదకొండేళ్ల తర్వాత, ఆ సైన్యం వెబ్‌సైట్‌లో కనిపించాయి. ఆ జాబితాలో 453 మంది ఉన్నారు.