ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు: ఈ లెక్క ఎక్కడిది?

ఒక ఊరి ప్రాథమిక బడిలో 58 మంది పిల్లలున్నారనుకుందాం. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు. ఒక గదిలో ఒకటీ రెండు తరగతులు, ఇంకో గదిలో మూడూ నాలుగూ ఐదూ. సారు ఐదో తరగతికి భాగహారం చెబుతుంటే నాలుగో తరగతి వాళ్లు చూచిరాత రాస్తుంటారు, మూడో తరగతి వాళ్లు ఎక్కాలు వల్లె వేస్తుంటారు. గట్టిగా వేస్తారు, నోరు తగ్గితే సారు చూపు ఇటు తిరుగుతుందని వాళ్లకు తెలుసు. ఇద్దరిలో ఒకరు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కో శిక్షణకో వెళ్లిన రోజు ఐదు తరగతులూ వరండాలోకి చేరతాయి. ఆ రోజు చదువు సంగతి పక్కన పెట్టండి, మధ్యాహ్న భోజనం దాకా ఎవరికీ దెబ్బ తగలకుండా చూసుకుంటే అదే గొప్ప.

కాగితం మీద ఈ బడికి ఏ లోటూ లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు టీచర్లు చాలు. ఇక్కడ ఒక్క ఖాళీ కూడా లేదు.

తెలుగు రాష్ట్రాల్లో బడుల గురించి గొడవ వచ్చినప్పుడల్లా రెండు అంకెలు వినిపిస్తాయి. కేంద్ర విద్యాశాఖ ఏటా బడుల నుంచి సేకరించే యూడైస్ వివరాల 2024-25 లెక్కల్లో ఒకే టీచరున్న బడులు దేశంలో అన్నిటికంటే ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి: 12,912. అదే ఏడాది ఒక్క పిల్లాడూ చేరని బడుల్లో పశ్చిమ బెంగాల్ తర్వాతి స్థానం తెలంగాణది: 2,245. ఒక రాష్ట్రంలో టీచర్ల కరవు, పక్క రాష్ట్రంలో పిల్లల కరవు అని చదువుకుంటే పొరపాటే. పిల్లల తలలు లెక్కపెట్టి టీచర్లను పంచే పద్ధతి రెండు చోట్లా ఒకటే. టీచరు తగ్గిన బడికి పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గిన బడికి మళ్లీ టీచరు తగ్గుతాడు.

ఈ పద్ధతి ఒక్క జీవోతో వచ్చింది కాదు. పాతతరం వాళ్లు ఇప్పటికీ "సమితి బడి" అంటారు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చినప్పుడు ప్రాథమిక బడులు సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుల కిందికి వెళ్లాయి. ఎనభైల్లో సమితులు పోయి మండలాలు వచ్చాక బోర్డు మీద పేరు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలగా మారింది. పంచాయతీరాజ్ టీచర్లు, ప్రభుత్వ టీచర్లు అనే రెండు తెగలు అప్పటివే. రెండు తెగలకూ ప్రమోషన్లు ఒకే నిబంధనతో జరగాలనే ఉమ్మడి సర్వీసు రూల్స్ కోసం దశాబ్దాలుగా నడుస్తున్న కేసులకు వేరు అక్కడే ఉంది. ఆ కేసులు తేలక మండల విద్యాధికారి కుర్చీల్లో ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జి హెడ్మాస్టర్లే కూర్చున్నారు. అంటే తన హైస్కూలు చూసుకుంటూనే మండలంలోని బడులన్నీ చూడాలి. ఎన్ని బడులకు వెళ్లగలరో మీరే ఊహించుకోండి.

నియామకం, బదిలీ, ప్రమోషన్ అన్నీ జిల్లా గీత లోపలే జరగాలన్నది 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ఫలితం. టీచరు పోస్టుల్లో 80 శాతం ఆ జిల్లా స్థానికులకే దక్కాలని ఆ ఉత్తర్వుల్లో ఉంది. డీఎస్సీ అనే మాటలోనే జిల్లా ఎంపిక కమిటీ ఉంది. ఇది మంచిదే, టీచరు ఆ ప్రాంతం యాస తెలిసినవాడై ఉంటాడు. కాకపోతే ఒక జిల్లాలో మిగులు ఉంటే పక్క జిల్లా లోటుకు పనికిరాదు. జిల్లా లోపల కూడా రోడ్డు పక్క బడికి ఉన్న గిరాకీ లోపలి ఊరి బడికి ఉండదు. బదిలీల కౌన్సెలింగ్‌లో చివరి దాకా మిగిలేవి బస్సు వెళ్లని ఊళ్లే. కొత్తగా డీఎస్సీలో వచ్చిన కుర్రవాడు అక్కడికి వెళ్తాడు, సర్వీసు పాయింట్లు పోగు కాగానే రోడ్డు మీదికి వస్తాడు. ఆ ఊరు మళ్లీ ఇంకో డీఎస్సీ కోసం చూస్తుంది.

ఎనభైల్లో టీచర్లను తక్కువ ఖర్చుతో తెచ్చుకోవడం మొదలైంది. నెలకు 398 రూపాయల జీతానికి స్పెషల్ టీచర్లను తీసుకున్నారు. ఈ 398 అనే అంకె ఉపాధ్యాయ సంఘాల డైరీల్లో ఒక ఇంటిపేరులా మిగిలిపోయింది. ఆ సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్లు, అంటే బకాయిలు ఇవ్వకపోయినా జీతం లెక్కలో కలిపే ఇంక్రిమెంట్లు, కావాలని వాళ్లు పెట్టుకున్న అర్జీలు వాళ్ల తలలు నెరిసేదాకా నడిచాయి. ఆ తర్వాత అప్రెంటిస్‌లు వచ్చారు, విద్యావాలంటీర్లు వచ్చారు. పేరు మారినా సంగతి ఒకటే: పిల్లలు ఉన్నారు, పోస్టుకు పూర్తి జీతం ఇచ్చే మనసు లేదు.

అదే దశాబ్దంలో, 1986 జాతీయ విద్యావిధానం వెనకే, 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. నా లెక్కలో మొత్తం కథకు మలుపు ఇది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే వాళ్లలో ఒకరు మహిళ, ఒక పెట్టె నిండా బోధన సామగ్రి. అప్పటిదాకా ఒక్క పంతులుతో నడిచిన ఊళ్లకు రెండో మనిషి రావడం చిన్న విషయం కాదు. సామగ్రి పెట్టె మాత్రం చాలా బళ్లలో తాళం వేసే ఉండేది. పగిలితే ఎవరి జీతంలో కోస్తారో అని హెడ్మాస్టరుకు భయం. పెట్టె సంగతి సరే, "కనీసం ఇద్దరు" అన్న మాటే మెల్లగా అర్థం మార్చుకుంది. ఇద్దరి కంటే తగ్గకూడదు అన్నది కాస్తా ఇద్దరు ఉంటే సరిపోయింది అయింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనూ అదే కనిపిస్తుంది: 60 వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు. తరగతులు ఎన్ని అన్న ప్రశ్న ఆ పట్టికలో ఎక్కడా లేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మాత్రం తరగతికి ఒకరైనా ఉండాలన్నారు. అక్షరాలు దిద్దించే చోట ఆ మాట ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

తొంభైల్లో బడులు నిండాయి. రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ పొలాల్లో, పశువుల వెంట ఉన్న పిల్లలను బడికి తెచ్చి చూపించింది. ఆ పనికి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ప్రభుత్వం కూడా బడిబాట పట్టింది. ఆడవాళ్ల అక్షరాస్యత తక్కువగా ఉన్న ఊళ్ల కోసం సృష్టించిన హెడ్మాస్టరు పోస్టులను ఎల్ఎఫ్ఎల్ హెచ్ఎం అన్నారు. "లో ఫిమేల్ లిటరసీ" అనే ఆ పొట్టి పేరుకు అర్థం తెలియకుండానే ఆ పోస్టులో రిటైరైన వాళ్లు ఉన్నారంటే నమ్ముతాను. 1998 నుంచి దాదాపు ఏడాదికో రెండేళ్లకో డీఎస్సీ పడింది. డీఎడ్, బీఎడ్ కాలేజీలు ఊరూరా పుట్టుకొచ్చాయి.

సరిగ్గా టీచర్లు నిండే వేళకు పిల్లలు పలచబడటం మొదలైంది. దీనికి అందరూ చెప్పే కారణం ప్రైవేటు బడి. నిజమే, పొద్దున ఎనిమిదికి పసుపు రంగు బస్సు ఊళ్లోకి వచ్చిందంటే టై, బెల్టు పెట్టుకున్న పిల్లలు ఎక్కుతారు. ఇంగ్లిష్ మీడియం అన్నది ఆ బస్సుకు సగం డీజిల్. ప్రభుత్వాలూ ఆ పోటీలోకి దిగాయి: 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ హైస్కూళ్లలోనే ఇంగ్లిష్ మీడియం పెట్టిన సక్సెస్ స్కూళ్లు, 2019 తర్వాత ఆంధ్రలో ఇంగ్లిష్ మీడియం జీవోలు, వాటి మీద కోర్టు కేసులు, 2022-23 నుంచి తెలంగాణలో ఇంగ్లిష్ మీడియం. కానీ ఎవరూ పెద్దగా మాట్లాడని కారణం ఇంకొకటి ఉంది. అసలు పుట్టే పిల్లలే తగ్గారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఇంటికొకరో ఇద్దరో ఉన్నప్పుడు తల్లిదండ్రులు అప్పు చేసైనా ఫీజు కడతారు. అంటే మొదటి కారణానికి రెండోది ఎరువు.

గురుకులాలు మూడో పాయ. 1971లో సర్వేల్‌లో ఒక్క బడితో మొదలైనవి, తెలంగాణ వచ్చాక వెయ్యి దాటాయి. ఐదో తరగతిలో చేర్చుకుంటారు కాబట్టి నాలుగో తరగతి అయ్యేసరికి చురుకైన పిల్లలు పరీక్ష రాసి వెళ్లిపోతారు. ఆ పిల్లలకు మేలే. ఊరి బడి రిజిస్టరులో మాత్రం ఐదో తరగతి పేజీ ఖాళీ అవుతుంది. ఆ రిజిస్టరును చూసే టీచరు పోస్టు ఉంచాలా తీయాలా అని నిర్ణయిస్తారు.

అలా తీసి పంచే పనికి పెట్టిన పేరు రేషనలైజేషన్. ఏదో ఒక తేదీని కటాఫ్ అంటారు. ఆ నాటికి బడిలో ఉన్న పిల్లల లెక్క చూసి మిగులు టీచరును సర్‌ప్లస్ అంటారు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్లాలి. అంతకు ముందు వర్క్ అడ్జస్ట్‌మెంట్ పేరుతో నోటిమాట మీద సర్దుబాట్లు జరుగుతాయి. రాష్ట్రం విడిపోయాక రెండు వైపులా ఈ జీవోలు వరస కట్టాయి. ప్రతిసారీ నిబంధన కొద్దిగా మారుతుంది, టీచర్ల గ్రూపుల్లో వాట్సాప్ మోతెక్కుతుంది, సంఘాలు ధర్నా చేస్తాయి, ఒక సవరణ జీవో వస్తుంది.

కొత్త నియామకాలు మాత్రం ఎడబడ్డాయి. ఆంధ్రలో 2014 తర్వాత 2018లో 7,902 పోస్టులు, ఆపైన 2025 దాకా ఎదురుచూపే. తెలంగాణలో 2017లో 8,792, తర్వాత 2024లో 11,062. మధ్యలో రిటైర్మెంటు వయసు పెంచారు, ఆంధ్రలో 2014లో 60కి, 2022లో 62కి, తెలంగాణలో 2021లో 61కి. ఖాళీలు కొన్నాళ్లు కనబడకుండా పోయాయి. తెలంగాణలో ఖాళీలను విద్యావాలంటీర్లతో నెట్టుకొచ్చారు. కరోనాతో బడులు మూతపడ్డాక సుమారు 12 వేల మందిని మళ్లీ తీసుకోలేదు. 2021 డిసెంబరులో 317 జీవోతో ఉద్యోగులను, టీచర్లను కొత్త జిల్లాలకు సీనియారిటీ ప్రకారం పంచారు. జిల్లా అంటే సొంత ఊరు అన్న 1975 నాటి భరోసా ఆ రోజుతో కదిలింది. జూనియర్ అయిన పాపానికి పుట్టిన జిల్లాకు పరాయి అయినవాళ్లు, భార్య ఒక జిల్లాలో భర్త ఒక జిల్లాలో పడినవాళ్లు ఎందరో.

ఆంధ్రలో 2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. జాతీయ విద్యావిధానం 2020 పేరు చెప్పి మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూల్లో కలిపారు. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచరు చెబుతాడన్నది ఆలోచన. ఆలోచనలో తప్పు వెతకలేం. కానీ ఆ జులైలో బడులు తెరిచిన రోజు చాలా ఊళ్లలో తల్లులు పిల్లలతో రోడ్డు మీద కూర్చున్నారు. ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటి వెళ్లాలా అన్నది వాళ్ల ప్రశ్న. హైస్కూళ్లలో గదులు చాలలేదు. ఊళ్లో మిగిలిన ఒకటి, రెండు తరగతుల బడికి ఒక్క టీచరు. సగం పిల్లలు అటు పోయాక, మిగతా సగం పసుపు బస్సు ఎక్కారు.

కూటమి ప్రభుత్వం 2025 మేలో ఆ విధానాన్ని పక్కన పెట్టింది. 9,600కు పైగా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెట్టి తరగతికి ఒక టీచరు అంది. ముప్పై ఏళ్ల పైచిలుకు తర్వాత తల కాకుండా తరగతి లెక్కలోకి రావడం ఇదే అనుకుంటాను. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ పూర్తయి సెప్టెంబరులో నియామక పత్రాలు అందాయి. కానీ గుమ్మం దగ్గర మళ్లీ తలల లెక్కే: దాదాపు 60 మంది పిల్లలు పోగయ్యే బడికే ఆ భాగ్యం. చిన్న బడులు బేసిక్ స్కూళ్లుగా ఒకరితోనో ఇద్దరితోనో మిగిలాయి.

అందుకే జూన్ వచ్చిందంటే టీచర్లు కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు, పసుపు బస్సు రాకముందే. మొదట్లో చెప్పిన 58 మంది బడి సారూ వెళ్తాడు. ఉచిత పుస్తకాలు, యూనిఫాం, భోజనం అన్నీ చెబుతాడు. గడపలో నిలబడ్డ తల్లి అంతా విని ఒక్కటే అడుగుతుంది: "అయిదు తరగతులకీ ఎంతమంది సార్లున్నారు సారూ?"

"ఇద్దరం ఉన్నామమ్మా. మీ వాడితో కలిపి ఇంకో ముగ్గురు చేరితే మూడో సారు వస్తాడు."