చుట్ల మధ్య ఎడం

మెరీనా బీచ్‌లో శంఖాలు అమ్మే బండి దగ్గర ఒక శంఖం చేతిలోకి తీసుకుని చూడండి. మొన దగ్గర చుట్లు ఇరుకుగా మొదలై, నోటి వైపు వచ్చేకొద్దీ వెడల్పవుతాయి. చెన్నైలో రాత్రిళ్లు వెలిగించక తప్పని దోమల కాయిల్‌లో మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఎడం ఒక్కటే. రెండూ సర్పిలాలే (స్పైరల్సే). ఏది ఎలా తయారైందో ఆ ఎడమే చెబుతుంది.

ఒకే మందం ఉన్న పట్టీని చుట్టుకుంటూ పోతే ఎడం సమానంగా వస్తుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో గ్రీకు గణితజ్ఞుడు ఆర్కిమెడిస్ లెక్కలు కట్టింది ఈ సర్పిలానికే. జపాన్‌లో దోమల మందు మొదట పుల్లలుగా వచ్చేది, గంటలోపే కాలిపోయేది. 1902 నుంచి చుట్టలుగా అమ్మారు. కొంచెం చోటులో ఎక్కువ పొడవు ఇమిడింది, రాత్రంతా కాలింది.

శంఖం సంగతి వేరు. లోపలి జీవి పెరుగుతుంది కానీ పాత గుల్ల సాగదు. అందుకని నోటి అంచునే కొత్తగా కాల్షియం కార్బొనేట్ చేరుస్తూ పోతుంది. ఆకారం చెడకుండా సైజు పెరగాలంటే ప్రతి చుట్టూ ముందుదానికన్నా అదే నిష్పత్తిలో పెద్దదవాలి. గణితజ్ఞుడు యాకబ్ బెర్నూలీకి ఈ సర్పిలమంటే ఎంత ప్రేమంటే, తన సమాధి మీద చెక్కమని కోరాడు. 1705లో ఆయన పోయాక శిల్పి చెక్కింది మాత్రం సమాన ఎడం ఉన్న చుట్టని! ఆ రాయి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఉంది.

ప్రతి గుల్లలోనూ గోల్డెన్ రేషియో (దాదాపు 1.618 అనే నిష్పత్తి) ఉందంటూ ఫోన్లలో తిరిగే బొమ్మల్ని నమ్మకండి. ఆ లెక్కన పావు చుట్టుకు 1.618 రెట్లు, అంటే ఒక్కో చుట్టుకు దాదాపు 6.85 రెట్లు పెరగాలి. నాటిలస్ అనే సముద్ర జీవి గుల్ల పెరిగేది సుమారు 3 రెట్లే. నిష్పత్తి ఎంతైనా, అది మారకుండా ఉండటమే అసలు అందం.

2016 డిసెంబర్ 12న చెన్నైని కుదిపేసిన వార్దా తుఫానుదీ సర్పిలమే, కానీ అక్కడ పెరిగేదీ లేదు, చుట్టేదీ లేదు. అల్పపీడనం వైపు పరుగెత్తే గాలి, భూభ్రమణం వల్ల మన అర్ధగోళంలో కుడికి మళ్లుతుంది. అలా కేంద్రం చుట్టూ అపసవ్యంగా తిరుగుతుంది. పడమరకు కదిలే తుఫానులో గాలి ముందు ఉత్తరం నుంచి కొడుతుంది, కన్ను (తుఫాను నడిమధ్య ప్రశాంతంగా ఉండే చోటు) దాటాక దక్షిణం నుంచి కొడుతుంది. మధ్యలో గాలి ఆగిందని బయటికి రావడం చాలా ప్రమాదం.

వార్దాకు నగరంలో వేల చెట్లు కూలాయి. కోసిన మొద్దులో వలయాలు కనిపిస్తే, అవి ఒకదాన్లోకి ఒకటి కలవవు, అంటే అవి సర్పిలం కాదు. పెరుగుదల ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ ఒక గీత పడుతుంది. చలికాలమంటూ పెద్దగా లేని మన ప్రాంతంలో చాలా చెట్లకు ఆ గీత స్పష్టంగా ఉండదు. ఎండలకు ఆకు రాల్చి, వానలకు చిగురించే టేకుకు ఉంటుంది. అందుకే కేరళ టేకు వలయాల వెడల్పులు కొలిచి, వర్షపాతం రికార్డులు లేని కాలంలో రుతుపవనాలు ఎలా ఉండేవో శాస్త్రవేత్తలు అంచనా వేస్తున్నారు.