నిగనిగలాడే పాత పికప్పా, తక్కువ తిరిగిన పాత పికప్పా?

టాటామొబైల్ 206 పికప్ 1988లో వచ్చింది. ఆ తరం బండి కోసం తిరుపతి, చిత్తూరు షెడ్ల చుట్టూ తిరిగితే బేరం ఎక్కువగా రెండింటి మధ్య తేలుతుంది. ఒకటి టింకరింగ్ (రేకు పని), పెయింటింగ్ చేయించినది. రెండోది ముప్పై వేల కిలోమీటర్లు తిరిగి మూలన పడినది. మా ఓటు రెండోదానికే. మీటరు చూసి మాత్రం కాదు.

పాత మీటరును తిప్పేది గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్. అది ఊడదీస్తే బండి నడుస్తుంది, అంకె కదలదు. ఐదంకెల మీటరైతే లక్ష దాటగానే మళ్లీ సున్నా. అందుకే క్లచ్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో, డ్రైవర్ తలుపు పైకెత్తితే ఎంత ఊగుతుందో చూడాలి.

మూలన ఉన్న బండిలో పాడయ్యేవి రబ్బరు, ఆయిళ్లు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. తిరుమల నుంచి అలిపిరికి దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉంటే, ఆ వేడికి చక్రాల దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్లలో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ అడుగంటుతుంది, బండి మాత్రం ఆగదు.

కానీ ఇవన్నీ మార్చుకోగలిగినవే: బ్రేక్ హోసులు, బ్రేక్ సిలిండర్ల రబ్బరు కప్పులు, రేడియేటర్ హోసులు, బెల్టులు, టైర్లు. టైరు మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. పట్టు ఎంత ఉన్నా పదేళ్లు దాటినది వద్దు. కొన్న రోజే సెల్ఫ్ కొట్టకండి. ట్యాంకు ఖాళీ చేసి కడిగించి, ఫిల్టర్లు, ఇంజిన్ ఆయిల్ మార్పించండి. డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి ఇంజిన్ ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి, ఒక రోజాగి ఇంజిన్‌ను చేత్తో తిప్పించండి. ఎక్కువ పోస్తే ఇంజిన్ బిగుసుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు.

రంగేసిన బండిలో భయం తుప్పుది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పై రంగును లోపల్నుంచి ఉబ్బిస్తుంది. గుంటలు పూడ్చే పుట్టీ పెట్టి రుద్దితే కొన్నాళ్లు కనబడదు, రెండు వానాకాలాలకు బయటపడుతుంది. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపుల అడుగున, క్యాబిన్ మూలల్లో జరపండి. పట్టు సడలినచోట పుట్టీ మందంగా ఉంది. ఛాసిస్‌కు (బండి అడుగు ఫ్రేముకు) కమాన్లు, అంటే స్ప్రింగు పట్టీలు బిగించే చోట రెండు రేకుల నడుమ తేమ నిలుస్తుంది. అక్కడ సుత్తితో తట్టి చూడండి. ఖంగుమనకుండా మొద్దుగా పలికితే బేరం వదిలేయండి. ఛాసిస్ నంబరు దగ్గర వెల్డింగ్ కనిపించినా అంతే. ఇంత పాత సరుకు బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, అక్కడ ఆ నంబరు ఆర్‌సీతో కలవాలి.

రంగు వేయకముందు రేకును గీకినప్పటి ఫోటోలు, ఏ పనికి ఎంతో చూపే బిల్లులు అమ్మేవాడు చూపిస్తే మాత్రం ఆ బండి ధరలో కొంచెం ఎక్కువైనా ఇవ్వొచ్చు.