ఉప్పు నీళ్ళు రంగును ఆపవు: రంగుల అల్లికలో అపోహలు - వాస్తవాలు

"ఎరుపు, తెలుపు చారలతో పాపకి దుప్పటి అల్లాను. మొదటి ఉతుకుకే తెలుపంతా గులాబీ రంగైపోయింది. ఇప్పుడేం చెయ్యాలి?" అల్లిక నేర్పేవాళ్ళకి ఈ ప్రశ్న ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది: "ముందే ఉప్పు నీళ్ళలో నానబెట్టాను కూడా!" అసలు చిక్కంతా ఆ రెండో మాటలోనే ఉంది.

అపోహ: ఉప్పో వెనిగరో వేసిన నీళ్ళలో నానబెడితే రంగు గట్టిపడుతుంది.

గట్టిపడదు. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు, అద్దకం గదిలోంచి సగం మాట మాత్రం బయటికొచ్చింది. కాటన్ నూలుకి రంగు అద్దేటప్పుడు ఉప్పు వాడే మాట నిజమే. నీళ్ళలో నూలు పోగుకీ రంగు కణానికీ రెండింటికీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు ఆ తోపుడు తగ్గించి రంగుని పోగు దగ్గరికి చేరుస్తుంది. అక్కడితో దాని పని సరి. కాటన్‌కి ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగుల్లో, దగ్గరికి చేరిన రంగుని పోగుకి కట్టిపడేసేది సోడా యాష్ లాంటి క్షారం. అది అద్దకంలోనే జరగాలి. అల్లిక అయిపోయాక బకెట్లో గుప్పెడు ఉప్పు వేస్తే ఏ బంధమూ కొత్తగా పుట్టదు.

మరి రంగు ఎందుకు దిగుతుంది? అద్దేటప్పుడు కొంత రంగు పోగుని పట్టుకోకుండా నీళ్ళతోనే చర్య జరిపి చెడిపోతుంది. అలా చెడిన రంగు పోగు మీద ఊరికే కూచుని ఉంటుంది. దాదాపు మరిగే నీళ్ళలో మళ్ళీ మళ్ళీ జాడించి దాన్ని వదిలించాలి. ఆ జాడింపు చాలకపోతే ఆ మిగులు రంగు మీ ఇంటి బకెట్లో దిగుతుంది. ముదురు ఎరుపు, నలుపు, నేవీ బ్లూ, నెమలికంఠం నీలం లాంటి రంగుల్లో ఈ గొడవ ఎక్కువ. ముదురు రంగుకి అద్దకంలో ఎక్కువ రంగు పోస్తారు, మిగిలేదీ ఎక్కువే. డైరెక్ట్ రంగులతో అద్దిన నూలైతే మరీ కష్టం. అది పోగుని గట్టిగా పట్టుకోదు కాబట్టి ఎన్ని ఉతుకులైనా కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది.

ఈ అపోహ ఇంతకాలం బతకడానికి ఒక కారణం ఉంది. ఉప్పు నీళ్ళలో రంగు నిజంగానే తక్కువ దిగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఉప్పు రంగుని నీళ్ళలోకి రానివ్వకుండా పోగు దగ్గరే అట్టే పెడుతుంది. బకెట్లో నీళ్ళు తేటగా ఉన్నాయని మీరు సంతోషిస్తారు. తర్వాతి ఉతుకులో ఉప్పు ఉండదు, దాగిన రంగంతా అప్పుడు బయటపడుతుంది. వదిలించాల్సినదాన్ని ఉప్పు దాచిపెట్టిందన్నమాట.

వెనిగర్ సంగతి కొంచెం వేరు. గొర్రె ఊలుకి, సిల్క్‌కి, నైలాన్‌కి ఎక్కువగా ఆమ్ల రంగులు వాడతారు. వాటికి ఆమ్లం పనికొస్తుంది, కానీ వేడి కూడా తోడవ్వాలి. మరుగుకి కాస్త తక్కువ వేడిలో అరగంట పాటు ఉంచితేనే రంగు పడుతుంది. చల్లటి నీళ్ళలో రెండు మూతల వెనిగర్ పోస్తే వాసన తప్ప ఏమీ రాదు. కాటన్‌కైతే వెనిగర్‌తో సంబంధమే లేదు. అక్రిలిక్‌కి రంగు దిగడం అరుదు, అయినా పరీక్ష చేస్తే పోయేదేమీ లేదు.

పరీక్ష పది నిమిషాల పని, అరగంట ఎదురుచూపు. ప్రతి ముదురు రంగు నుంచీ ఒక మూర దారం తుంచండి. ఒక్కో రంగుని విడిగా తెల్లటి గిన్నెలో వెయ్యండి. కాటన్‌కి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళు, ఊలుకి గోరువెచ్చనివి పొయ్యండి. ఒక చుక్క డిటర్జెంట్ వేసి అరగంట వదిలెయ్యండి. నీళ్ళ రంగు చూసి, ఆ తడి దారాన్ని తెల్ల గుడ్డ మడతలో పెట్టి గట్టిగా నొక్కండి. గుడ్డ మీద గీత పడితే ఆ దారం అలాగే అల్లడానికి పనికిరాదు. గీత పడకపోయినా, ముదురు రంగూ తెలుపూ రెండేసి వరసల చొప్పున చిన్న ముక్క అల్లి, ఉతికి, మడిచి, తడిగానే ఒక రాత్రి ఉంచండి. నీళ్ళలో అంటని రంగు తడి మడతల్లో గంటల తరబడి ఆనుకుని ఉన్నప్పుడు అంటుకునే అవకాశం ఎక్కువ.

రంగు దిగే దారం దొరికిందని భయపడనక్కర్లేదు. అల్లకముందే దాన్ని ఉతకొచ్చు, ఆ పని చాలామందికి తోచదు, అంతే. ఉండని విప్పి కుర్చీ వీపుకి చుట్టి చిలప (వదులుగా ఉండే పొడుగాటి దారపు చుట్ట) చెయ్యండి. నాలుగు చోట్ల తెల్ల దారంతో ఎనిమిది ఆకారంలో వదులుగా కట్టండి. బిగించి కడితే కట్టు కింద మిగులు రంగు వదలదు, వదులు మరీ ఎక్కువైతే చిలప చిక్కుపడుతుంది. కాటన్ చిలపని 60 డిగ్రీల నీళ్ళలో, కొంచెం డిటర్జెంట్‌తో, పెద్ద బకెట్లో ముంచి తియ్యండి. నీళ్ళు మార్చండి. తేటపడేదాకా అదే పని. ముంచి రాత్రంతా వదిలెయ్యడం మాత్రం వద్దు, చిన్న బకెట్లో చల్లటి నీళ్ళలో దిగిన రంగు తిరిగి పోగు మీదికే చేరుతుంది. గొర్రె ఊలు చిలపైతే నలపకూడదు, వేడి నీళ్ళ నుంచి చల్లటి నీళ్ళలోకి ఒక్కసారిగా మార్చకూడదు, పోగులు కరుచుకుని గట్టిపడిపోతుంది. ఎన్ని నీళ్ళు మార్చినా రంగు ఆగకపోతే ఆ దారాన్ని పక్కన పెట్టండి. మొత్తం ఒకే ముదురు రంగులో ఉండే వస్తువుకి అది బాగానే పనికొస్తుంది.

ఇప్పటికే అంటుకుపోయినవాళ్ళకి ఒకటే మాట: ఆరబెట్టకండి, ఇస్త్రీ పెట్టకండి. తడిగా ఉన్నంతసేపూ ఆశ ఉంది. దారం తట్టుకునేంత వేడి నీళ్ళు, వీలైనంత పెద్ద తొట్టి, డిటర్జెంట్, దొరికితే రంగు పీల్చే షీట్లు రెండు మూడు. ఎక్కువ నీళ్ళెందుకంటే, దిగిన రంగు పల్చబడి తెలుపు మీద మళ్ళీ కూచోకుండా ఉంటుంది. బ్లీచ్ జోలికి పోవద్దు. అది మరకనీ ఎరుపునీ కలిపి పాడుచేస్తుంది, ఊలైతే పోగే కరిగిపోతుంది.

ఇంత చెప్పాక కూడా "నా దారం మంచి కంపెనీది, దిగదు" అనేవాళ్ళుంటారు. కంపెనీ పేరు చూసి రంగు ఆగదు. గిన్నెలో వేసి చూడండి.

అపోహ: నమూనా ముక్క అల్లడం దండగ, ఆ దారం స్వెటర్‌కే వాడొచ్చు.

లెక్క చూద్దాం. డిజైన్లో 10 సెంటీమీటర్లకి 22 కుట్లు అని ఉంది. మీ చెయ్యి కొంచెం వదులు, మీకు 20 కుట్లే పడుతున్నాయి. చుట్టుకొలత 100 సెంటీమీటర్ల స్వెటర్‌కి 220 కుట్లు ఎక్కిస్తారు. మీ చేతిలో అవే 220 కుట్లు 110 సెంటీమీటర్లవుతాయి. రెండు కుట్ల తేడాకి ఒక సైజు దాటిపోయింది. విప్పి మళ్ళీ అల్లడానికి పట్టే వారాలతో పోలిస్తే ఒక ముక్క ఏపాటి?

ముక్క అల్లేవాళ్ళలో కూడా చాలామంది సరిగ్గా 22 కుట్లే ఎక్కించి అంచు నుంచి అంచుకి కొలుస్తారు. అంచు కుట్లు ఎప్పుడూ వంకరే. కనీసం 30 కుట్లు ఎక్కించండి, అసలు వస్తువుని ఉతికినట్టే ఉతికి పరిచి ఆరబెట్టండి, నడిమిలో కొలవండి. సూపర్‌వాష్ ఊలు (మెషిన్‌లో ఉతకడానికి వీలుగా శుద్ధి చేసింది) తడిస్తే బాగా సాగుతుంది, ఉతకని ముక్క కొలత దానికి చెల్లదు. కాటన్ తన బరువుకి తనే కిందికి జారుతుంది కాబట్టి ముక్కని క్లిప్పులతో ఒక రోజు వేలాడదీసి పొడవు చూడండి. ఒక వరసలో రెండు రంగులు వాడే డిజైనుకి ముక్క కూడా రెండు రంగుల్లోనే అల్లాలి. వెనక పరుగెత్తే దారం అల్లికని లోపలికి లాగుతుంది, ఒంటి రంగు ముక్కలో వచ్చిన లెక్క అందులో రాదు. మామూలుగా ఒక సైజు పెద్ద సూది కావలసి వస్తుంది.

అపోహ: షేడ్ నంబరు ఒకటే కదా, తక్కువైతే తర్వాత కొనుక్కోవచ్చు.

షేడ్ నంబరు పక్కనే లేబుల్ మీద లాట్ నంబరు ఉంటుంది, చూడాల్సింది అది. ఒక్కో విడత అద్దకానికి ఒక్కో లాట్. ఉండలు రెండూ పక్కపక్కన పెడితే కనిపించని తేడా, అల్లాక వీపు మధ్యలో అడ్డగీతలా తేలుతుంది. ముందే ఒక ఉండ ఎక్కువ తీసుకోండి. తప్పనిసరై వేరే లాట్ వాడాల్సి వస్తే, రెండు వరసలు పాతదాంతో, రెండు వరసలు కొత్తదాంతో అల్లుకుంటూ వెళ్ళండి, కన్ను పట్టలేదు. లేదా కొత్తదాన్ని మెడ పట్టీకో చేతి పట్టీలకో కేటాయించండి, అక్కడ కుట్టే మారుతుంది కాబట్టి రంగు తేడా కనపడదు. చేత్తో అద్దిన చిలపలకి లాట్ ఒకటే అయినా ఈ రెండేసి వరసల పద్ధతే మంచిది.

దారం లెక్క గ్రాముల్లో కట్టడం కూడా ఇక్కడే దెబ్బతీస్తుంది. డిజైన్‌కి 125 మీటర్లుండే 50 గ్రాముల ఉండలు 8 కావాలంటే మొత్తం 1000 మీటర్లు, 400 గ్రాములు. మీకు దొరికిన 100 గ్రాముల ఉండలో 200 మీటర్లే ఉంటే, గ్రాముల లెక్కన 4 చాలనిపిస్తుంది. మీటర్ల లెక్కన 5 కావాలి. ఆ అయిదోది వేరే లాట్‌లో దొరుకుతుంది, మళ్ళీ మొదటికి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

రంగులు బాగా వేరుగా ఉంటే డిజైన్ బాగా కనిపిస్తుందనుకుంటారు. ఎరుపూ ఆకుపచ్చా ఎంత వేరైనా, ముదురులో సమానమైతే పక్కపక్కన కలిసిపోతాయి. ఉండలన్నీ వరసగా పెట్టి ఫోన్లో నలుపు తెలుపు ఫోటో తియ్యండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ జంటని ఒకే వరసలో వాడకండి. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల ఫెయిర్ ఐల్ అల్లికలో ఎన్ని రంగులున్నా, సంప్రదాయంగా ఒక వరసలో రెండే వాడతారు. ఆ రెండింటిలో వెనకవైపు కింది నుంచి వచ్చే దారం ముందువైపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కాబట్టి డిజైన్‌లో పువ్వులా తేలాల్సిన రంగుని ఎప్పుడూ కిందే ఉంచండి. మధ్యలో పైకీ కిందికీ మార్చారో, డిజైన్ ఒకచోట నిండుగా ఒకచోట వెలిసినట్టు ఉంటుంది. తప్పెక్కడ జరిగిందో వెతుక్కోవడమే మిగులుతుంది.

నిట్ వైపు (V ఆకారపు కుట్లు కనిపించే వైపు) నునుపుగా ఉండే అల్లిక అంచులు చుట్టుకుపోతే చెయ్యి బాగోలేదని బాధపడొద్దు. ఆ కుట్టు స్వభావమే అది, తడిపి పిన్నులు కొట్టినా కొన్నాళ్ళకి మళ్ళీ చుట్టుకుంటుంది. అంచు చుట్టుకోకుండా ఉండాలంటే రెండు పక్కలా నాలుగేసి కుట్లు, కిందా పైనా ఆరేసి వరసలు రెండు వైపులా నిట్ కుట్టుతోనే అల్లండి.

సూది నంబర్లు అన్నిచోట్లా ఒకటి కావు. 4 మిల్లీమీటర్ల సూది పాత బ్రిటిష్ లెక్కలో 8, అమెరికా లెక్కలో 6. మిల్లీమీటర్లే నమ్మండి. క్రోషేలో (ఒకే కొక్కెం సూదితో, అంటే హుక్‌తో, అల్లే అల్లిక) పేర్లకీ ఇదే తంటా: అమెరికా వాళ్ళ సింగిల్ క్రోషేనే బ్రిటిష్ వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. డిజైన్ ఏ దేశపు పద్ధతిలో రాశారో చూశాకే మొదలుపెట్టండి.

రంగు మార్చేచోట ముడి వేస్తే చాలనేది ఇంకొకటి. ముడి జారుతుంది, కాటన్‌లో మరీను, పైగా ముందువైపుకి పొడుచుకొస్తుంది. 15 సెంటీమీటర్ల కొస వదిలి, మొద్దు సూదితో అదే రంగు కుట్ల వెనక ఒక వైపుకి, తిరిగి వెనక్కి, ఇంకోసారి ముందుకి దూర్చండి.

క్రోషేలో కొత్త రంగు వరస మొదట్లో పాత రంగు చుక్క కనిపిస్తోందని అడుగుతుంటారు. వరస అయిపోయాక రంగు మార్చడం వల్లే అలా అవుతుంది, మార్చాల్సింది ఒక అడుగు ముందు. అమెరికా డబుల్ క్రోషేలో చివరి కుట్టు వేస్తూ, హుక్ మీద రెండు లూపులు మిగిలినప్పుడు ఆగండి. పాత దారం వదిలేసి, కొత్త రంగు హుక్ మీద వేసి, ఆ రెండు లూపుల్లోంచి లాగండి. హుక్ మీద మిగిలేది కొత్త రంగు లూపే. పాత దారం కొసని ఒకసారి సున్నితంగా లాగి కుట్టు బిగించి, పైకి వెళ్ళే చైన్లు కొత్త రంగుతో వెయ్యండి.