ఎల్‌కేజీకి ముందే మొదలయ్యే చదువు

1987లో హైదరాబాద్‌కు దగ్గర్లో, రంగారెడ్డి జిల్లాలోని కొన్ని ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం) కింద ఉప్మా పెట్టడం మొదలుపెట్టారు. మనింట్లో చేసుకునే రవ్వ ఉప్మా కాదది, మొక్కజొన్న-సోయా పిండితో, సోయా నూనెతో చేసింది. పిల్లలకు రోజుకు 300 కేలరీలు, 8-10 గ్రాముల ప్రొటీన్, అంతే. ఆ చుట్టుపక్కలే మరికొన్ని ఊళ్లకు పథకం అప్పటికింకా రాలేదు.

ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక పరిశోధకులు మళ్లీ వెళ్లి చూస్తే, ఉప్మా అందిన ఊళ్లవాళ్లు మిగతా ఊళ్ల పిల్లలకంటే సగటున దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ ఎక్కువ పొడవున్నారు, చదువులోనేమో ఒక తరగతికి కాస్త తక్కువగా ముందున్నారు. ఊళ్లను లాటరీ వేసి ఎంచలేదు కాబట్టి ఘనతంతా ఉప్మాదే అని ఒట్టేసి చెప్పలేం. అయినా చిన్న తేడా కాదు.

రెండేళ్లు నిండేసరికి మెదడు పెద్దవాళ్ల మెదడులో 80 శాతం దాకా పెరిగిపోతుంది. నరాల చుట్టూ పొర ఏర్పడాలంటే ఐరన్ కావాలి, ఆ వయసులో లోటు పడితే తర్వాత టానిక్కులు పోసినా కొంత నష్టం మిగిలిపోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. అయినా పొద్దున్నే పిల్లాడికి టీలో బిస్కెట్ ముంచి పెడతాం, ఆ టీ తిండిలో ఉన్న కాస్త ఐరన్‌నీ ఒంటికి పట్టనివ్వదు. పలచటి పప్పుకట్టు అన్నం కూడా అంతే, పిడికెడంత పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది. పప్పు మెత్తగా మెదిపి, చెంచాడు నెయ్యి వేసి, గుడ్డు కలిపి పెడితే అదే నాలుగు ముద్దల్లో ఎంతో బలం. ఎల్‌కేజీ ఫీజుకు అప్పు చేసే మనకు ఇది పెద్ద ఖర్చేం కాదు.

తిండి ఒక్కటే సరిపోతుందా అంటే, జమైకా అనుభవం కాదంటుంది. 1986-87లో ఆ దేశ రాజధాని కింగ్‌స్టన్‌లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లల్లో కొందరికి వారానికో కిలో పాలపొడి ఇచ్చారు, కొందరి ఇళ్లకు వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వెళ్లి ఇంట్లోనే చేసిన బొమ్మలతో ఎలా ఆడించాలో, పిల్లలతో ఎలా మాట్లాడాలో తల్లికి చూపించింది, కొందరికి రెండూ. రెండేళ్లు నడిచింది. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే పాలపొడి ఒక్కటే అందినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా నిలవలేదు, ఆటా మాటా అందినవాళ్ల సంపాదన మాత్రం అవి అందనివాళ్లకంటే 25 శాతం ఎక్కువ.

మన దగ్గర అంగన్‌వాడీ నుంచి గుడ్లు, బాలామృతం అనే పోషకాహార పిండి ఇంటికి వస్తున్నాయి (ఆ ప్యాకెట్ ఇంటిల్లిపాదీ పంచుకోవడం వేరే కథ). కానీ వంట చూసుకుని, బరువులు తూచి, యాప్‌లో ఎంట్రీలు కొట్టేసరికే అంగన్‌వాడీ టీచర్‌కు పొద్దుపోతే, ఇంటింటికీ వెళ్లి తల్లి పక్కన కూర్చుని పిల్లాడిని ఆడించే పని ఎవరు చేస్తారు?