బడి పక్కన సెల్ టవర్: అపోహలు - వాస్తవాలు

టవర్ల చుట్టూ రేడియేషన్ కొలవడం పన్నెండేళ్లుగా నా పని. ఏ ఊరికి వెళ్లినా బండి దిగగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "సార్, బడికి ఎన్ని మీటర్ల దూరంలో ఉంటే ఏం కాదు?"

మొన్న జూన్‌లో కరీంనగర్ వైపు ఒక ఊళ్లోనూ అదే అడిగారు. ప్రైమరీ స్కూల్ ప్రహరీకి 60 మీటర్ల అవతల, ఒకాయన ఖాళీ స్థలంలో టవర్ లేచింది. తల్లిదండ్రులు వారం రోజులు దాని ముందు బైఠాయించారు. "ఆయనకేమో నెలనెలా కిరాయి, మా పిల్లలకేమో రోగాలు" అన్నది వాళ్ల మాట. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. పని మొదలుపెట్టే ముందు కంపెనీవాళ్లు ఊళ్లో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. రాత్రికి రాత్రి జేసీబీ తెచ్చి గుంత తవ్వారు. అలా చేస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది.

అపోహ: టవర్ ఎంత దగ్గరుంటే అంత ప్రమాదం. దూరం జరిపితే పిల్లలు క్షేమం.

జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ ఒక్క మాటే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

డాబా మీద నిలబడి పైపుతో దూరంగా నీళ్లు చిమ్మండి. గోడ మొదట్లో తడవదు, ఎక్కడో వాకిలి అవతల తడుస్తుంది. యాంటెన్నా పనిచేసేదీ ఇంచుమించు అలాగే. 40 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నా తన శక్తిలో ఎక్కువ భాగాన్ని సన్నని పట్టీలాగా ముందుకు, కాస్త కిందికి వంచి పంపుతుంది. ఆ పట్టీ నేలను తాకేది వంద మీటర్లు దాటాక, చాలాచోట్ల ఇంకా దూరంలో. అక్కడికి చేరేసరికి బాగా పలచబడిపోతుంది. కాబట్టి టవర్ మొదట్లో నిలబడినవాడికి తగిలేది తక్కువే.

ఆ బడి వరండాలో, ఒకటో తరగతి గది గుమ్మం ముందు మీటరు పెట్టాను. ఆరు నిమిషాల సగటు చదరపు మీటరుకు 1.8 మిల్లీవాట్లు వచ్చింది. మన దేశంలో 900 మెగాహెర్ట్జ్‌కు (ఫోన్ సిగ్నళ్లు వాడే తరంగాల్లో ఒక రకం) పెట్టిన హద్దు 450 మిల్లీవాట్లు. 2012 సెప్టెంబర్ 1న అంతర్జాతీయ ప్రమాణాన్ని పదో వంతుకు తగ్గించి పెట్టిన హద్దు అది. అందులో 250వ వంతు వచ్చిందన్నమాట. అక్కడి నుంచి నడిచి, టవర్‌కు 200 మీటర్ల దూరంలో ఉన్న బస్టాపు దగ్గర కొలిస్తే 3.1 వచ్చింది. దూరం మూడింతలైనా రీడింగ్ తగ్గకపోగా పెరిగింది.

ఇంతలో పక్కన నిలబడి చూస్తున్న ఒక తల్లికి దుబాయ్ నుంచి భర్త వీడియో కాల్ చేశాడు. టవర్ ఇంకా ఆన్ కాలేదేమో అన్నంత బలహీనంగా ఉంది ఆమె సిమ్ సిగ్నల్, ఎందుకంటే ఆ టవర్ మీద ఉన్నది వేరే కంపెనీ. ఆమె ఫోన్ ఎత్తగానే మీటరు మీద అంకె ఎగిరి 140 దాటింది. ఆమె ముఖం పాలిపోయింది. "ఇదంతా టవర్‌దేనా సార్?" అంది. "కాదమ్మా, మీ చేతిలోదే" అన్నాను.

టవర్‌ను ఊరి బయటికి తరిమితే జరిగేది కూడా ఇదే. 4జీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్లు వదులుతుంది, పాత 2జీ ఫోన్ అయితే 2 వాట్ల దాకా. సిగ్నల్ నిండుగా ఉంటే ఫోన్ తన శక్తిని వెయ్యో వంతుకో, ఇంకా తక్కువకో దించుకుంటుంది. టవర్ దూరమైతే అందుకోవడానికి గొంతు పెంచి అరుస్తుంది. ఆ అరుపు అంతా చెవి పక్కనే, ఒళ్లో పడుకుని ఫోన్‌లో కార్టూన్లు చూస్తున్న పిల్లాడి మొహం ముందే. దూరం లెక్క పెట్టుకోవలసింది ఫోన్‌కీ పిల్లాడికీ మధ్య.

ఈ అపోహ ఖరీదు ఎంతంటే, ఆ ఊళ్లో పదకొండు మంది పిల్లలను తీసుకెళ్లి మండల కేంద్రంలోని ప్రైవేటు బడిలో వేశారు. అప్పు చేసి ఫీజులు కట్టినవాళ్లున్నారు. పిల్లలు రోజూ ఒకే ఆటోలో కిక్కిరిసి, ఇద్దరు డ్రైవర్ పక్కన వేలాడుతూ, హైవే మీద పోతున్నారు. ఆ మండల కేంద్రంలో బస్టాండు చుట్టూనే మూడు టవర్లున్నాయి. ఆ ఆటో చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అపోహ: టవర్ల వల్ల క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒప్పుకుంది.

2011 మేలో దాని అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను 2బి జాబితాలో పెట్టింది. "కారణం కావచ్చేమో, ఆధారాలు పరిమితం" అని దాని అర్థం. అందుకు ముఖ్యంగా చూసినవి ఫోన్‌ను చెవికి ఆనించి ఏళ్ల తరబడి ఎక్కువగా వాడినవాళ్ల మీద జరిగిన అధ్యయనాలు. టవర్ల పక్కన బతికేవాళ్ల గురించి తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. రేడియేషన్ అనే మాట వినగానే ఎక్స్‌రే, అణుబాంబు గుర్తొచ్చి భయపడతారు. రేడియో తరంగాలకు కణంలోని డీఎన్ఏను విరిచే శక్తి లేదు, మోతాదు మించితే ఒంటిని వేడెక్కిస్తాయి. హద్దులు పెట్టింది ఆ వేడిని లెక్కగట్టే.

అపోహ: టవర్లను కోర్టులే తీసేయమన్నాయి.

2012లో రాజస్థాన్ హైకోర్టు బడులు, ఆసుపత్రుల దగ్గర టవర్లు తీసేయమంది. 2017లో గ్వాలియర్‌లో ఒక టవర్‌ను ఆపమని సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ నిజమే. అయితే మీ బడి వరండాలో ఎంత ఉందో ఆ తీర్పులు చదివితే తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది.

ఇక 5జీ వల్ల కరోనా వచ్చిందన్న మాట. 2021 మేలో ఆ మెసేజ్‌లు తిరిగేనాటికి దేశంలో 5జీ ట్రయల్సే మొదలుకాలేదు. టవర్ ఉంటే పిడుగులు పడతాయంటారా, అవి ఎత్తుగా ఉన్నదాని మీద పడతాయి, తాటిచెట్టు మీద పడ్డట్టే. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో అడగండి. రేడియేషన్ ఆపుతాయంటూ అమ్మే, ఫోన్ వెనక అంటించుకునే "రేడియేషన్ చిప్" స్టిక్కర్లకు ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

మరి అభ్యంతరం చెప్పకూడదా?

తప్పకుండా చెప్పాలి, సరైన వాటి మీద. యాంటెన్నా ఎదురుగా, అదే ఎత్తులో బడి పై అంతస్తు కిటికీ ఉంటే ఊరుకోకండి. ఒక్క యాంటెన్నా అయినా ఎదుటి భవనానికి 20 మీటర్లు ఉండాలని, సంఖ్య పెరిగేకొద్దీ ఆ దూరం కూడా పెరగాలని టెలికాం శాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. నిర్మాణం గట్టిదని ఇచ్చిన సర్టిఫికెట్ చూపించమనండి. జనరేటర్ పొగ గొట్టం ఎటు తిరిగి ఉందో చూడండి.

ఆ ఊళ్లో వారం రోజుల ధర్నాలో ఎవరూ చూడనిది ఒకటుంది. టవర్ కంచె గేటుకు తాళం లేదు, బైండింగ్ వైరు చుట్టి వదిలేశారు. నేను మీటరు సర్దుకుంటుండగా మూడో తరగతి పిల్లాడు బంతి కోసం ఆ వైరు తీసి లోపలికి దూరాడు. అడుగు దూరంలో జనరేటర్, దాని పక్కన మూత లేని కేబుల్ బాక్స్. చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాను. రేడియేషన్ గురించి అంత భయపడిన తల్లులు అప్పుడు ఆ గేటు వైపు చూశారు.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గారు, సర్పంచ్ కలిసి కాగితం రాశారు: గేటుకు తాళం, కేబుల్ బాక్స్‌కు మూత, పొగ గొట్టం బడి వైపు నుంచి తిప్పడం. టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో 4,000 రూపాయలు కడితే ఎవరైనా తమ దగ్గరి టవర్ కొలిపించుకోవచ్చని చెప్పాను. ఇంటికి వంద చొప్పున నలభై ఇళ్లవాళ్లు వేసుకుంటామన్నారు. వచ్చిన రిపోర్టును బడి నోటీసు బోర్డు మీద తెలుగులో రాసి పెట్టమన్నాను. తాళం నాలుగో రోజున పడింది. పొగ గొట్టం కోసం ఇంకా అడుగుతూనే ఉన్నారు.