ఓవర్‌క్లాకింగ్ మీద అపోహలు - వాస్తవాలు: వేడంతా వోల్టేజీ దగ్గరే ఉంది

ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేద్దామనుకునేవాళ్లు, అంటే కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువ స్పీడ్‌లో నడుపుదామనుకునేవాళ్లు, నన్ను ముందు అడిగేది "ఎన్ని గిగాహెర్ట్జ్ దాకా లాగొచ్చు?" అని. నేనేమో వోల్టేజీ ఎంత పెట్టారో చెప్పండి అంటాను. నా మెషిన్లు, ఫ్రెండ్స్ మెషిన్లు ఏళ్లుగా ట్యూన్ చేస్తున్నాను, ఇన్నేళ్లలో మళ్లీ మళ్లీ వినపడే మాటలు కొన్ని ఉన్నాయి, కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పు. అవే రాస్తున్నాను.

అపోహ: స్పీడ్ పెంచాం కాబట్టి వేడెక్కుతోంది.

వాస్తవం: స్పీడ్ ఒక్కటే పెంచితే పవర్ కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది, దాన్ని మామూలు కూలర్ కూడా తట్టుకుంటుంది. కొంప ముంచేది వోల్టేజీ, ఎందుకంటే పవర్ దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక లెక్క చూడండి. 1.20 వోల్టుల దగ్గర 4.8 గిగాహెర్ట్జ్‌లో నడిచే చిప్ ఉంది, దాన్ని 5.1కి తేవాలంటే 1.35 వోల్టులు పట్టిందనుకుందాం. స్పీడ్ పెరిగింది 6 శాతం చిల్లర, పవర్ మాత్రం 34 శాతం పెరిగిపోయింది, ఇందులో లీకేజీ కరెంటు (చిప్ పని చేయకపోయినా కారిపోయే కరెంటు) కలపలేదు, అది చిప్ వేడెక్కేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అందుకే చివరి 100 మెగాహెర్ట్జ్ కోసం వోల్టేజీ ఒక్కసారిగా ఎక్కువ అడుగుతోందంటే నేను అక్కడే ఆపేస్తాను, ఆ 100 మీకు గేమ్‌లో కనపడదు, ఫ్యాన్ల మోతలో మాత్రం వినపడుతుంది.

అపోహ: వోల్టేజీ ఆటోలో వదిలేస్తే మదర్‌బోర్డే చూసుకుంటుంది.

వాస్తవం: చూసుకుంటుంది, కానీ దానికి కావాల్సింది మెషిన్ ఎలాగోలా బూట్ అవ్వడం, మీ టెంపరేచర్ కాదు. ప్రతి చిప్‌కీ పనికొచ్చేలా కాస్త ఎక్కువే ఇస్తుంది, మీ చిప్ మంచిదైతే అదంతా వృథా వేడే. ఓవర్‌క్లాక్ చేయనివాళ్లకి కూడా ఇది చిన్న విషయం కాదు. 2024లో ఇంటెల్ 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ చిప్స్‌లో వచ్చిన క్రాష్‌ల గొడవ గుర్తుందా, దాని వెనక ఉన్నది కూడా ఎక్కువ వోల్టేజీ, వేడీనే. ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం, బయోస్ అనే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌తో పాటు వస్తుంది) ప్రాసెసర్ 1.55 వోల్టుల పైన అడగకుండా కట్టడి చేసింది, వారంటీ కూడా 2 ఏళ్లు పొడిగించారు. అప్పటికే పాడైన చిప్‌ని మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయలేదు. ఆ చిప్స్ వాడుతున్నవాళ్లు బయోస్ అప్‌డేట్ చేశాకే మిగతా సెట్టింగుల జోలికి వెళ్లండి, దయచేసి.

అపోహ: మూడు గంటలు గేమ్ ఆడాను, క్రాష్ అవ్వలేదు, స్టేబుల్ అయినట్టే.

వాస్తవం: ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. స్టేబుల్ అంటే క్రాష్ కాకపోవడం కాదండీ, ప్రతి లెక్కా కరెక్టుగా రావడం. ఒక ఫ్రెండ్ మెషిన్‌లో గేమ్స్ అన్నీ బ్రహ్మాండంగా నడిచేవి, పెద్ద జిప్ ఫైల్ విప్పితే మాత్రం అప్పుడప్పుడు ఫైల్ కరప్ట్ అని వచ్చేది, డిస్క్ పోయిందనుకుని నేను కేబుల్ మార్చాను, డిస్క్ కూడా మార్చి చూశాను, రెండు వారాలు పోయాయి. చివరికి 100 మెగాహెర్ట్జ్ తగ్గిస్తే ఎర్రర్ మళ్లీ రాలేదు. అప్పటిదాకా ఆ మెషిన్‌లో కాపీ అయిన ఫొటోల్లో, వీడియోల్లో ఎన్ని పాడయ్యాయో ఎవరికి తెలుసు, ఆ విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కాబట్టి ట్యూనింగ్ మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీసుకోండి.

టెస్టింగ్ ఎలా అంటే, ముందు ర్యామ్‌ని మెమ్‌టెస్ట్86తో విడిగా చూడండి, ర్యామ్ స్పీడ్ పెంచే రెడీమేడ్ సెట్టింగులు ఎక్స్ఎంపీ, ఎక్స్‌పో ప్రొఫైల్స్ కూడా ఓవర్‌క్లాకే అని చాలామంది మర్చిపోతారు, ర్యామ్ తప్పుని ప్రాసెసర్ మీద వేసి వోల్టేజీ పెంచుకుంటూ పోతారు. తర్వాత ప్రాసెసర్ టెస్ట్‌లు, సినీబెంచ్‌తో మొదలుపెట్టి ఓసీసీటీ, ప్రైమ్95 లాంటి వాటికి వెళ్లండి. ఏవీఎక్స్ (ఒకేసారి చాలా లెక్కలు చేయించే ఆదేశాలు) లోడ్ ఉన్న టెస్ట్‌లో టెంపరేచర్ ఒక్కసారే ఎగబాకుతుంది, కంగారు పడకండి, అది మామూలే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా (WHEA) ఎర్రర్లు వస్తున్నాయేమో చూడండి, స్క్రీన్ మీద ఏమీ కనపడకపోయినా హార్డ్‌వేర్ తప్పులు అక్కడ పడుతుంటాయి. ఏఎండీ రైజెన్ చిప్ వాడేవాళ్లకి ఇంకో మాట, కర్వ్ ఆప్టిమైజర్‌లో (వోల్టేజీ తగ్గించే బయోస్ సెట్టింగ్) మైనస్ ఎక్కువ పెడితే ఫుల్ లోడ్ టెస్ట్ రాత్రంతా పాసవుతుంది, పొద్దున బ్రౌజర్ తెరిస్తే రీస్టార్ట్ అయిపోతుంది. ఎందుకంటే ఒకటి రెండు కోర్లే పనిచేస్తున్నప్పుడే చిప్ అత్యధిక బూస్ట్‌కి వెళ్తుంది, అక్కడే వోల్టేజీ చాలదు. అందుకని ఒక్కో కోర్‌నీ విడివిడిగా టెస్ట్ చేయాలి, విసుగు పుట్టే పనే, కానీ దీనికి వేరే దారి లేదు.

అపోహ: వాటర్ కూలర్ ఉంటే ఎంతైనా పెంచుకోవచ్చు.

వాస్తవం: నీళ్లు వేడిని మోసుకెళ్తాయి, మాయం చేయవు. రేడియేటర్‌లోంచి పోయేది గదిలో గాలే కాబట్టి గది టెంపరేచర్ కంటే కిందికి ఏ వాటర్ కూలరూ దించలేదు. పైగా ఇప్పటి చిప్స్‌లో అంత వేడీ గోరంత సిలికాన్ ముక్కలో పుడుతోంది, అది పైనున్న మెటల్ మూత దాకా రావడమే కష్టం, అక్కడ ఇరుక్కున్న వేడికి మీరు ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా పెద్ద తేడా రాదు. ఇంకోటి, ఎయిర్ కూలర్ ఫ్యాన్ గాలి పక్కనున్న వీఆర్ఎం (ప్రాసెసర్‌కి వోల్టేజీ అందించే మదర్‌బోర్డు భాగం) మీదకి కూడా కొంత వెళ్లేది, వాటర్ బ్లాక్ పెట్టాక ఆ గాలి ఉండదు, కేస్ ఫ్యాన్లు సరిగ్గా లేకపోతే ప్రాసెసర్ చల్లగా ఉండి వీఆర్ఎం ఉడికిపోతుంది. పంప్ లూప్‌లో అన్నిటికంటే పైన ఉండకూడదు, గాలి బుడగలు అక్కడ చేరతాయి.

అపోహ: 90 డిగ్రీలు దాటితే చిప్ కాలిపోతుంది.

వాస్తవం: కాలదు. రైజెన్ 7000 సిరీస్‌లో చాలా చిప్స్‌ని ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్లేలానే డిజైన్ చేశారు, ఇంటెల్ చిప్స్ చాలావాటికి లిమిట్ 100, అది తగిలితే చిప్పే స్పీడ్ తగ్గించుకుంటుంది. అలా తగ్గిందంటే మీరు కష్టపడి పెంచింది పోయినట్టే, కాబట్టి టెస్ట్ నడుస్తున్నంతసేపూ టెంపరేచర్‌తో పాటు క్లాక్ కూడా చూస్తూ ఉండండి. ఆయుష్షు తగ్గించేది ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి రెండూ కలిసి నెలల తరబడి ఉండడం.

అపోహ: ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య థర్మల్ పేస్ట్ ఎంత రాస్తే అంత చల్లన.

వాస్తవం: పేస్ట్ పని రెండు మెటల్స్ మధ్య కంటికి కనపడని సందులు పూడ్చడం, అంతే, అంతకు మించి రాస్తే లాభం లేదు. కూలర్ కింద ప్లాస్టిక్ ఫిల్మ్ తీశారా? నవ్వకండి, టెంపరేచర్ దిగట్లేదని నా దగ్గరికి తెచ్చిన మెషిన్లలో అది అలాగే ఉన్నవి చూశాను.

అపోహ: ఏ ప్రాసెసర్ అయినా ఓవర్‌క్లాక్ అవుతుంది.

వాస్తవం: ఇంటెల్‌లో మల్టిప్లయర్ (స్పీడ్‌ని నిర్ణయించే అంకె) పెంచాలంటే కె అక్షరం ఉన్న చిప్, జెడ్ సిరీస్ బోర్డు ఉండాలి. ఏఎండీలో రైజెన్ డెస్క్‌టాప్ చిప్స్ చాలావరకు ఓపెనే, కానీ ఏ520 లాంటి బోర్డుల మీద కుదరదు. పైగా ఒకే మోడల్ రెండు చిప్స్ ఒకేలా ఉండవు, పక్కవాడి సెట్టింగ్స్ కాపీ కొట్టకండి.

ఒక్కో మార్పూ విడిగా చేసి, వోల్టేజీ, క్లాక్, టెంపరేచర్, ఆరోజు గది ఎంత వేడిగా ఉందో ఒక పుస్తకంలో రాసుకోండి. గది 10 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు 10 పెరుగుతుంది, చలికాలంలో 88 దగ్గర పాసైన సెట్టింగ్‌ని ఎండలు ముదిరాక మళ్లీ టెస్ట్ చేయాల్సిందే.